అడుగున చిన్నక్షరాలు

యూనివర్సిటీ గేటుకు ఎదురుగా
జెరాక్సు మిషన్ల వేడిలో నా షాపు.
ఇరవై రెండేళ్లుగా సిద్ధాంతగ్రంథాలు టైపు చేస్తా ఉండాను.
నేను చదివింది ఇంటరు, అదీ పాకాలలో, సగం.
అయినా ఎవరి వాక్యం ఎవరిదో
నా వేళ్లకు తెలుసు.
ఒకసారి కొట్టిన వాక్యం
ఇంకొకరి కాగితాల్లో మళ్లీ వస్తే
కళ్లకంటే ముందు చిటికెనవేలు పసిగడతాది,
మోకాళ్ల మిట్టను మోకాలు గుర్తుపట్టినట్టు.

మొదట మునస్వామి వచ్చినాడు,
పూతలపట్టు పక్క బెల్లం వండేవాళ్ల మాటలు
రూళ్ల నోటుపుస్తకంలో రాసుకొని.
అట్టమీద పాకం మరక.
చీమలు నా కీబోర్డు దాకా వచ్చినాయి.
నూట పన్నెండో పుటలో ఒక ముసలామె మాట:
"పాకం పిలస్తాది నాయనా.
చూస్తే తెలీదు, చెవి పెట్టల్ల."
అడుగున, తొమ్మిది పాయింట్లలో:
కుప్పమ్మ, బెల్లం వంట, పెనం దగ్గర,
మాఘమాసం, తెల్లారి నాలుగు గంటలు.

ఆ పుటలోనే కరెంటు పోయి వచ్చింది.
పైన ఒకచోట 'పెనం' పోయి 'పేనం' పడింది.
ఆయన చూసుకోలేదు.
నేను చూసినాను, బైండింగు అయిపోయినాక.
నోరు మూసుకున్నాను.

ఆరేళ్లకు ఇంకొకాయన.
కుప్పమ్మ లేదు. పిలిచే పాకమూ లేదు.
'పాకధ్వని విశేషముచే పక్వదశను గ్రహింతురు' అని ఉండాది.
బాగా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన మాట.
దాని కింది లైనులో
ఇస్త్రీకి లొంగని ముడత మాదిరి
పేనం.
నా పేనం.

మూడో ఆమె రెండో ఆయన్ను చూసి రాసింది.
కింద 'చూ.' లేదు, 'పుట' లేదు, 'పైదే' లేదు.
ఇంకో సారు ఏకంగా పదకోశంలోకి ఎక్కించినాడు:
పేనం – పెనమునకు చిత్తూరు ప్రాంత మాండలిక రూపము.
జారిన నా వేలు ఒక ప్రాంతమైపోయింది!
నవ్వొచ్చింది.
ఆ రాత్రి అన్నం మాత్రం సయించలేదు.
దొంగసొత్తులో నా వస్తువూ దొరికితే
నేను సొమ్ము పోగొట్టుకున్నోణ్ణా, సాక్షినా,
కలిసి చేసినోణ్ణా?

మొన్న హంసవేణి వచ్చింది,
తాళాలగుత్తికి పెన్ డ్రైవు కట్టుకొని.
ఆమె కాగితాల్లోనూ పేనం.
ఈసారి చెప్పేసినాను,
కరెంటు పోయిన మధ్యాహ్నంతో సహా.
పాపం, ఆ పిల్లకు గడువు ఇంకా నాలుగు దినాలే.
'పోనీలేన్నా' అంటాదనుకున్నా.
టీ సగంలో పెట్టి బస్సెక్కింది.

రాత్రి తొమ్మిదికి ఫోను.
స్పీకర్లో గాలి, కుక్కలు, వెనక గానుగ మోటారు.
"కుప్పమ్మవ్వ ఉండాదన్నా. ఎనబై దాటినాయి.
చెప్తా ఉండాది, టైపు చెయ్యి."
ఆమె వెనక ఇంకో గొంతు, పొగబారి:
"ఆ మాట నాది కాదు మేయ్.
మా అత్తది. రాజమ్మత్తది.
పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తా చెప్పేది.
ఆయమ్మకు ఎవురు చెప్పినారో
నేను అడగలా.
అడిగుండాల్సింది."

నూట నలభై ఏడో పుట కింద కొట్టినాను:
కుప్పమ్మ చెప్పగా. ఆమెకు అత్త రాజమ్మ చెప్పగా.
మొదట రాసుకున్నది మునస్వామి, పుట 112.
రాజమ్మకు చెప్పినవారు తెలియదు.
పేనం: అక్షరదోషం. మొగిలప్ప, డి.టి.పి., తిరుపతి.

అడుగు పట్టలేదు.
చిన్నక్షరాలు పక్క పుటలోకి పొంగినాయి.
ఇంత పొడుగెందుకు అంటాడేమో ఆమె గైడు.
పాయింటు తగ్గించి ఎనిమిది చేసినాను.
'తెలియదు' అన్న మాటను మాత్రం
తొమ్మిదిలోనే ఉంచినాను.